మోడుల పక్షమున

మన భాషలలో ఎండిన చెట్టునకు మర్యాద లేదు. తెలుగున "మోడు" అన్నను, హిందీలో "ఠూంఠ్" అన్నను వినువానికి స్ఫురించునది వ్యర్థమైన బ్రతుకే. బిడ్డలు లేనివాడు మోడు. ఆశలుడిగిన మనస్సు మోడు. భర్త పోయిన స్త్రీని సైతము లోకము నిర్దయగా మోడనియే పిలిచినది. ఈ రెండు భాషల నడుమ అనువాదము చేయువారికి ఇంత సులభముగా దొరకు సమానపదములు అరుదు. కవులు తిట్టినంత మాత్రమున చెట్టునకు నష్టము లేదు. కాని ఆ తిట్టే అటవీశాఖవారి దస్తరములకెక్కినపుడు గొడ్డలి లేచుచున్నది.

ఆ దస్తరములలోని మాట "అతిపక్వము". 1864లో డీట్రిష్ బ్రాండిస్ భారతదేశమునకు మొదటి అటవీ ఇన్‌స్పెక్టరు జనరలైన నాటినుండి జర్మన్ వనశాస్త్రము మన అడవులలో నిలదొక్కుకొన్నది. రైలుమార్గముల స్లీపర్ల కొరకు అడవులు అడ్డులేక కూలుచున్న కాలమున ఆ శాస్త్రము హద్దు నేర్పినదనుట న్యాయమే. అయితే దాని లెక్క కలప లెక్క. చెట్టు ఏటేట ఎంత కలప కూడబెట్టునో చూచి, ఆ రాబడి తగ్గిన నాడు దానిని పక్వమనిరి. ఆ పిమ్మటను నిలిచియున్నచో అతిపక్వమనిరి. మామిడికాయ పక్వమైనదన్నచో తినువాడొకడు మనస్సులో ఉన్నాడని అర్థము. చెట్టు ఎవరి కొరకు పక్వమగును? కోతమిల్లు కొరకు. పుచ్చిన చెట్టును, తొర్రపడిన చెట్టును, ఎండిన చెట్టును ఏరివేయుటకు పెట్టిన పేరు మరింత విచిత్రము: అడవిని "బాగుచేయుట".

ఆ బాగుచేతలో పోవునదేమి? తొర్ర ఒకనాటితో ఏర్పడదు. గాలికి కొమ్మ విరిగిన చోట తేమ చేరును. శిలీంధ్రము ప్రవేశించి నడిమి చేవను మెల్లమెల్లగా కుళ్ళించును. పైనున్న పచ్చి భాగము మాత్రము నీటిని మోయుచు ఆకులను పోషించుచునే ఉండును. ఇట్లు లోన డొల్లయై, వెలుపల పచ్చగా, చెట్టు దశాబ్దములు నిలువగలదు. వడ్రంగిపిట్ట ముక్కుతో తొలిచి గూడు చేసికొనును. అది విడిచిపోయిన గూటిలో చిలుకయో, గోరింకయో, పైడికంటెయో కాపురము పెట్టును. ఎగురు ఉడుతకు పగటి పడక అక్కడనే. తేనెటీగలలో ఒక జాతికి పట్టు పెట్టుకొను చీకటిగది అదియే. కుళ్ళునకును, వడ్రంగిపిట్టకును, ఇరువురికిని ముదుసలి చెట్టు కావలెను. నేడు మొక్క నాటి రేపు తొర్ర చూపగల నర్సరీ లేదు.

అన్నిటికంటె ధనేశపక్షి గతి చూడుడు. కొమ్మువంటి పెద్ద ముక్కు గల ఈ పక్షిని ఇంగ్లీషున హార్న్‌బిల్ అందురు. అది తొర్రను తొలుచుకొనలేదు, దొరికినదానినే వాడుకొనవలెను. ఆడుపక్షి లోన ప్రవేశించి, సన్నని చీలిక మాత్రము విడిచి, వాకిలిని తన రెట్టతో మెత్తి మూసికొని గ్రుడ్లు పెట్టును. నెలల తరబడి మగపక్షి ఆ చీలిక గుండ మేడిపండ్లు అందించును. అంతటి పక్షి పట్టదగిన తొర్ర ఎంత మానులో ఉండునో ఊహింపవచ్చును. అరుణాచల ప్రదేశమున పక్కె పులుల అభయారణ్యమునకు వెలుపల, పాపుమ్ రిజర్వు అడవిలో, ఒకప్పుడు దాని ముక్కును తలపై అలంకారముగా ధరించిన నిషి తెగవారే 2011-12 నుండి గూటిచెట్లను కాయుట కారంభించిరి. దూరపు పట్టణములవారు పంపు విరాళములు ఆ కావలివారికి జీతములైనవి.

1884 తరువాత ఎవరికిని కనబడక, నశించినదని తలపబడిన ఫారెస్ట్ ఔలెట్ అను చిన్న గుడ్లగూబ 1997 నవంబరులో మహారాష్ట్రమున షహాదా చెంత మరల కనబడినది. అదియు తొర్రపక్షియే. నేడది బ్రతుకుచున్న చోట్లలో అభయారణ్యముల వెలుపలి టేకు అడవులును కలవు. అనగా కలప కొరకు ప్రణాళిక వేసి నడుపు అడవులు.

సాహిత్యపాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. హితోపదేశమున జరద్గవమను గ్రుడ్డి గ్రద్దకు ఇల్లు గంగ ఒడ్డున జువ్విచెట్టు తొర్ర. బాణుని కాదంబరిలో కథ చెప్పు చిలుక ఎక్కడ పుట్టినది? వింధ్యాటవిలో, పంపాసరస్సు ఒడ్డున, ముదిసిన బూరుగుచెట్టు తొర్రలో. ఆ చెట్టును వర్ణించుటకు బాణుడు ఎంత స్థలము వెచ్చించెనో చదివినవారెరుగుదురు. ముసలి శబరుడొకడు దానిపైకెక్కి తొర్రలలోని పక్షులను పట్టి చంపును. క్రూరుడే, కాని చెట్టును కొట్టలేదు. మన వర్కింగు ప్లాను ఆ వేటగాని పాటి వివేకమును చూపుటలేదు.

న్యాయస్థానమునకు ఈ సంగతి తోచినది. గోదావర్మన్ తిరుముల్‌పాడు వ్యాజ్యమున 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు, చచ్చిన, జబ్బుపడిన, చావనున్న, గాలికి పడిన చెట్లను జాతీయోద్యానములనుండియు అభయారణ్యములనుండియు తీయింపరాదని ఆజ్ఞాపించినది. మంచిది. కాని ఆ రెండును కలిపి దేశభూభాగమున ఇంచుమించు 5 శాతము. అడవిగా లెక్కకెక్కినది 23 శాతమునకు మించినది. గీతకు ఇవతల మోడు సంపద, అవతల అదే మోడు చెత్త! వడ్రంగిపిట్ట ఏ గెజెట్టు చదివి గీత దాటక నిలుచును?

ఇచట అభ్యంతరములు వినవచ్చును. మొదటిది పురుగు. 1990ల చివర మధ్యప్రదేశ్ సాలవనములలో సాలబోరరు పురుగు చెలరేగి, లక్షల చెట్లు నేలకొరగిన మాట నిజము. అయితే ఆ పురుగు గ్రుడ్లు పెట్టునది జబ్బుపడిన సాలవృక్షమునందు, లేదా క్రొత్తగా కొట్టిన పచ్చి దుంగయందు. దానిని రప్పించునది రసము వాసన. అందుచేతనే పచ్చి దుంగలను ఎరగా వేసి దానిని పట్టుదురు. ఏండ్ల క్రింద ఎండి బెరడు రాలిన మోడులో దానికి పనిలేదు. పురుగుపట్టిన చెట్టును తీయుడు. దాని పేరు చెప్పి అడవిలోని ముసలిచెట్లన్నిటిని ఊడ్చివేయకుడు. రెండవది పేదవాని పొయ్యి. కట్టెలమోపు తలకెత్తుకొను స్త్రీ విరుగు కొమ్మను, రాలిన పుల్లను ఏరుకొనును. రెండు బారల చుట్టుకొలత గల మానును కూల్చి లారీకెక్కించునది ఆమె కాదు. ఆమె పేరు చెప్పి గుత్తేదారు వాదించుట మనమెరుగనిది కాదు. బాటప్రక్క మోడు మనిషిపై పడునందురా, బాటప్రక్కవానిని కొట్టుడు.

వన్యప్రాణుల కొరకు కొన్ని తొర్రచెట్లు విడువవలెనను వాక్యము కొన్ని ప్రణాళికలలో లేకపోలేదు. ఆ వాక్యమునకు అడవిలో రూపము లేదు. కొట్టవలసిన చెట్టునకు సుత్తిగుర్తు పడును, అంకె పడును, రిజిస్టరులో చుట్టుకొలత ఎక్కును. ఉంచవలసినదానికి ఏ గుర్తును ఉండదు. కావున ప్రతి కూపులోను నిలుపవలసిన ముసలిచెట్టునకు, మోడునకు ముందుగా అంకె వేయవలెను. జాతి ఏదో, చుట్టుకొలత ఎంతో, తొర్ర ఎంత ఎత్తున ఉన్నదో వ్రాయవలెను. గొడ్డలి పడక మునుపే ఆ పట్టిక ప్రతి యొకటి గ్రామసభకు ఇయ్యవలెను. కూపు ముగిసిన పిదప ఊరివారెవరైనను ఆ పట్టిక చేతబట్టి అడవిలోనికి వెళ్ళి, 17వ అంకె చెట్టు ఏమైనదని రేంజరును అడుగవచ్చును.