దినమున కొక బొమ్మ

గన్నవరము ప్రాంతమున ఏ బడిపిల్లవానినైన బొమ్మ వ్రాయుమని అడిగినచో తరుచుగా ఒకే బొమ్మ వచ్చును. రెండు కొండలు, వాని నడుమ ఉదయించు సూర్యుడు, కొండలనుండి జారు ఏరు, ఏటి యొడ్డున గుడిసె, గుడిసె ప్రక్క కొబ్బరిచెట్టు. ఆ పిల్లవాడు దినదినము చూచునవి వేరు. వరిచేలు, మామిడితోటలు, కాలువగట్లు, రహదారిమీద లారీలు, తలపైనుండి దిగివచ్చు విమానములు. అవి యేవియు ఆ బొమ్మలో నుండవు. చూడని దానిని కంఠస్థము చేసి వ్రాయుచున్నాడే గాని, కన్నుల ముందున్న దానిని వ్రాయుట లేదు. ఇది వాని తప్పు కాదు. మనము నేర్పినది అంతే.

చిత్రలేఖనము దైవదత్తమని, ఏ కొందరికో మాత్రమే అబ్బునని మనలో నొక నమ్మకము నాటుకొన్నది. కాని అక్షరాభ్యాసమునాడు ఏ తండ్రియు తన బిడ్డకు వ్రాతయందు ప్రతిభ యున్నదా యని విచారింపడు. పలక చేతికిచ్చి దిద్దించును. బొమ్మ విషయమున మాత్రము ఈ న్యాయము ఏల వర్తింపరాదు? మన పూర్వులు అక్షరమును వ్రాసిరి; బొమ్మను గూడ వ్రాసిరి. రెండింటికిని ఒకే క్రియ. కలలో చూచిన వానిని మాటలతో చెప్పజాలని ఉషకు చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపములను వరుసగా వ్రాసి చూపిన కథ మన విద్యార్థులకు తెలియనిది కాదు. మాట ఆగిన చోట రేఖ పనికి వచ్చినది.

ఈ మాటలు వ్రాయుచున్న మాకును ఏబదియేండ్లు దాటిన పిదపనే ఈ బుద్ధి కలిగెను. ఒక నోటుపుస్తకము, ఒక మెత్తని పెన్సిలు కొని, ఉదయము కాఫీ త్రాగిన పిమ్మట పది నిమిషములు ఇత్తడిచెంబును ఎదుట నుంచుకొని కూర్చుంటిమి. చెంబు మూతి గుండ్రమని మాకు తెలియును గనుక గుండ్రముగనే గీసితిమి. అడుగు నేలమీద సమముగా నిలుచునని తెలియును గనుక అచ్చట తిన్నని గీత గీసితిమి. తీరా చూడగా అది ఒకడు మిద్దెమీదనుండియు, మరియొకడు నేలమీద పండుకొనియు చూచిన చెంబు వలె నుండెను. నాలుగవనాటికి గాని లోపము తెలియలేదు. కూర్చున్నవాని కంటికి మూతి నొక్కిన వలయముగా కనబడును. అడుగును వంపు తిరిగియే యుండును. కంటిమట్టమునకు ఎంత దిగువనున్న వలయము అంతగా విప్పారును గనుక అడుగు వంపు మూతి వంపుకంటె నిండుగా నుండును. ముప్పది యేండ్లుగా ఆ చెంబుతో నీరు త్రాగుచున్నాము. ఒక్కనాడును దానిని చూచి యెరుగము.

నిత్యము బొమ్మ వ్రాయుటవలన కలుగు మొదటి లాభమిదే. తెలిసినదనుకొన్న దానిని కన్ను సవరించును. ఈ గుణము చిత్రకారునికే గాదు, వ్యాసము వ్రాయు విద్యార్థికి, ప్రయోగశాలలో నిలుచు విద్యార్థికి గూడ కావలసినది.

ఈ మార్గము మనకు క్రొత్తది కాదు. రాజమహేంద్రవరము కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర దామెర్ల రామారావును, అడివి బాపిరాజును విద్యార్థిదశలోనే గుర్తించి ప్రోత్సహించెను. 1897లో జన్మించిన రామారావు 1925లో మశూచికమువలన, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే కన్నుమూసెను. ఆయన వదలిపోయినవి వర్ణచిత్రములు మాత్రమే కావు. పెన్సిలు రేఖలు, స్కెచ్చుపుస్తకములు గూడ నున్నవి. ఆ వర్ణముల వెనుకనున్న శ్రమకు ఆ పుస్తకములే సాక్ష్యము. మన కృష్ణాతీరమున, 1910లో బందరులో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చిత్రకళను చదువులో భాగముగా నెంచినది. ప్రమోదకుమార ఛటోపాధ్యాయుడు అచ్చట నేర్పెను. ఆయన శిష్యుడైన బాపిరాజు తరువాత ఆ కళాశాలకే ప్రధానాచార్యుడాయెను. 1938 హరిపురా కాంగ్రెసు కొరకు నందలాల్ బోసు చిత్రించినది వంటవారిని, వడ్రంగులను, డోలు వాయించువారిని. కొండపల్లి శిల్పులు తెల్లపొణికి కొయ్యతో తీర్చునది దశావతారములనే గాదు, తాడి గీయువానిని, ఎడ్లబండిని గూడ. సామాన్యమైనది వీరికెవ్వరికిని చిన్నదిగా తోచలేదు.

ఫోనుతో క్షణములో ఛాయాచిత్రము తీయవచ్చుగదా, ఈ శ్రమ యేల యని విద్యార్థులు అడుగవచ్చును. యంత్రము ఆ క్షణములో చూచినది, మనము చూచితిమా? పది నిమిషములు చూచిన గాని పది నిమిషముల బొమ్మ రాదు.

అభ్యాసమునకు పెద్ద నియమములు లేవు. వేళ మారరాదు. వస్తువు ఇంటిలోనిదై యుండవలెను. దానినే వారము దినములు, దినమున కొక దిక్కునుండి వ్రాయవలెను. చేయి చాచి పెన్సిలుతో ఎత్తును వెడల్పును కొలిచి పోల్చుకొనవలెను. చెడిన గీతను చెరుపక దాని ప్రక్కనే సరియైన గీత గీయవలెను. ప్రతి పుటమీద తేది వేయవలెను; ఏ పుటను చింపరాదు. ఒకనాడు తప్పినచో మరునాడు రెండు వ్రాయ నక్కరలేదు, ఒకటి వ్రాసిన చాలును. నెల గడచిన పిదప మొదటి పుటను తెరచి చూచిన విద్యార్థికి వేరు బహుమానము అవసరము కాదు.

మరియొక సంగతి. కవ్వము, తిరగలి, విసనకర్ర అటకలెక్కినవి. వాని పేర్లను నిఘంటువులు కాపాడును. వాని రూపములను కాపాడవలసినవారు వానిని చూచిన చివరి తరమువారే. తాతమ్మ ఇంటి తిరగలిని ఒక పిల్లవాడు వ్రాసి, క్రింద పేరును తేదిని వేసినచో అది ఆ యింటి చరిత్రలో నొక పుట యగును.

చిత్రలేఖనపు గంటను లెక్కలకో పరీక్షలకో అప్పగించుట మన పాఠశాలలలో అలవాటైనది. ఉపాధ్యాయులు ఆ గంటను తిరిగి తేలేకపోయినను, దినమునకు పది నిమిషములు మిగుల్పగలరు. బల్లమీద ఒక చెంబునో, గొడుగునో, మామిడికాయనో యుంచి, తామును పిల్లలతో గూర్చుండి వ్రాయుదురు గాక. ఉపాధ్యాయుని గీతయు వంకరపోవుట చూచిన పిల్లవానికి భయము తీరును. అప్పుడు గన్నవరపు పిల్లవాని పుస్తకములో ఆ రెండు కొండలు తొలగి, వాని కాలువగట్టు వానికి కనబడును.