కాలిఫోర్నియా నారింజలు, ఓక్లహామా వరుడు

ఫ్లోరిడాలో రెండు వారాలుండి వస్తానని పెళ్లానికి చెప్పిన జెర్రీ అటువైపే వెళ్లలేదు. అక్కడి ఎండకు తిరిగినట్టు కనబడాలని క్లబ్బులో దీపం కింద పడుకుని ఒళ్లు కమిలేలా కాచుకున్నాడు. వస్తూ వస్తూ ఓ బుట్టెడు నారింజలు తెచ్చాడు. వాటిమీద ముద్ర కాలిఫోర్నియాది! పెళ్లాం లూసీ కూడా తక్కువ తినలేదు. రాత్రంతా బయటుండి సంగీతం మాస్టారితో కలిసి ఇంటికొచ్చింది. దారిలో కారు చెడిపోయిందట. లియో మెక్‌కేరీ 1937లో తీసిన 'ది ఆఫుల్ ట్రూత్' మొదలయ్యేది ఇలాగే.

ఇద్దరూ కోర్టుకెక్కితే, విడాకులు 90 రోజుల తర్వాతే ఖాయమవుతాయన్నాడు జడ్జి. మరి కుక్క ఎవరికి? అది ఎవరి దగ్గరికి వెళ్తే వాళ్లకే. లూసీ దానికిష్టమైన ఆటబొమ్మను చాటుగా చూపించి గెలిచేసింది. పిల్లలున్న ఇంట్లో ఇదే జరిగితే ఏడుపొస్తుంది. కుక్క కాబట్టి నవ్వుతాం, కాస్త ఇబ్బందిగానే.

జెర్రీ ఆ రెండు వారాలూ ఎక్కడ గడిపాడో సినిమా చెప్పదు. 1934 నుంచి హాలీవుడ్ సెన్సారు నియమావళి కట్టుదిట్టంగా అమలయింది, అక్రమ సంబంధాన్ని సమర్థించడానికి వీల్లేదు. ఆ కట్టడి మెక్‌కేరీకి కలిసొచ్చిందనే చెప్పాలి. తప్పెవరిదో తేలదు కాబట్టి కథ క్షమాపణల్లోకి దిగకుండా, చిలిపి పోరులో పడింది. ఓక్లహామా నుంచి తల్లిని వెంటబెట్టుకుని వచ్చిన డబ్బున్న వరుడు లూసీ వెంటపడితే జెర్రీకి కడుపుమంట. జెర్రీకి గొప్పింటి సంబంధం కుదరబోతే, లూసీ అతని చెల్లెలినంటూ ఆ ఇంటికెళ్లి రచ్చరచ్చ చేసి వచ్చింది. జెర్రీగా వేసిన కేరీ గ్రాంట్‌కు లూసీగా వేసిన ఐరీన్ డన్ ఏ సీన్లోనూ తీసిపోలేదు. మెక్‌కేరీకి ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది.

మన దగ్గర ఈ రకం హాస్యం అంటే ఎక్కువగా మొగుడి పాట్లే. ఈవీవీ 'ఆవిడా మా ఆవిడే' (1998)లో నాగార్జున ఇద్దరు భార్యల మధ్య నలిగిపోతుంటే హాలంతా నవ్వింది. సరదా సినిమానే, కాదనలేం. కానీ అబద్ధాలాడే హక్కు, ఎత్తులు వేసే తెలివి అన్నీ అతని సొత్తే. భార్యలకు మిగిలేది అనుమానమూ కోపమూ.

ఇదివరకైతే తెలుగింట విడాకుల మీద జోకేస్తే ఊరుకోరనుకోవచ్చు. ఇప్పుడు కుటుంబ న్యాయస్థానాల మెట్లెక్కని బంధుగణం అరుదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద ఇద్దరికీ ఇష్టమైన విడాకులకైనా 6 నెలలు ఆగాలి. తగిన కేసుల్లో కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఆ ఆర్నెల్లలో ఫ్లాటు ఈఎంఐ ఎవరు కట్టాలి, పెళ్లినాడు పేరు చెక్కించిన స్టీలు బిందె ఎవరిది, ఆవిడకి వస్తున్న కొత్త సంబంధాన్ని ఈయన ఎలా చెడగొట్టాలి... ఇంత సరుకు పెట్టుకుని మన రచయితలు ఇంకా రెండో పెళ్లాన్ని బీరువా వెనకే దాస్తున్నారు.