ఆలుమగల కథకు పుట లేదా?

"బొమ్మల కథలు బాలలకు, జీవితచరిత్రలు మహనీయులకు" అన్నది మన పండితలోకపు తీర్పు. భాషాప్రవీణ చదివి, జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పిన నేను ఈ తీర్పును అంగీకరించను.

రేమండ్ బ్రిగ్స్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1998లో తన తల్లిదండ్రుల కాపురాన్ని 'ఎథెల్ అండ్ ఎర్నెస్ట్' పేరిట బొమ్మల్లో చెప్పాడు. ఆమె పెళ్ళికి ముందు ధనికుల ఇంట పనిమనిషి. అతడు ఇంటింటికీ పాలు పోసేవాడు. 1930లో పెళ్ళి, 1971లో ఇద్దరి మరణం. నడుమ ఒక కొడుకు, ఒక యుద్ధం, రాజకీయాలపై తెగని కీచులాట. అతడిది లేబర్ పక్షం, ఆమెకు ఆ మాటే గిట్టదు. ఇంతే కథ. అయినా అందులో ఒక దేశచరిత్ర ఇమిడింది.

ఇది మనకు పరాయి పద్ధతి అనకండి. మన చేర్యాల నకాషీలు పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, రజకులకు మడేలు పురాణాన్ని పటాలపై వరుస బొమ్మలుగా గీశారు. కథకులు ఆ పటం వేలాడదీసి ఊరూరా పాడారు. శ్రామికులకు బొమ్మల కథ ఉండేది. లేనిదల్లా మూలపురుషుణ్ణి దాటి ఆలుమగల దాకా వచ్చిన కథ.

మా వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసేచోట వెలసిన అగస్త్యేశ్వరునికి స్థలపురాణం ఉంది. ఆ నీట వల వేసే మగనికీ, ఆ చేపలు గంపకెత్తి అమ్మే ఇల్లాలికీ ఒక్క పుటైనా లేదు. వారి బతుకులో కథ లేక కాదు, వారు కథకు తగరని మనం తీర్మానించినందువల్ల.

మిత్రులారా, గీయగలవారు గీయండి, రాయగలవారు రాయండి. అమ్మానాన్నలు ఉండగానే అడగండి.