ఆలు లేదు, చూలు లేదు - ర్యాంకు మాత్రం ఒకటి!

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని మన పెద్దవాళ్ళు ఎవర్ని చూసి అన్నారో గానీ, అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ రాసే పత్రికలవాళ్ళకి అది అతికినట్టు సరిపోతుంది. ఏటా ఆగస్టు వచ్చేసరికి, ఒక్క ఆటైనా ఆడకుండా, ఒక్క కుర్రాడైనా చొక్కా మాపుకోకుండా, దేశంలో మొదటి జట్టు ఫలానా, రెండోది ఫలానా అంటూ ఇరవై అయిదు పేర్ల పట్టిక అచ్చేస్తారు. ఆడకముందే ర్యాంకేవిటండీ? ర్యాంకులంటే మనకి తెలియనివా? ఎంట్రన్సు ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు నిండా పిల్లల ఫొటోలే కదా! కానీ ఆ పిల్లలు కనీసం పరీక్ష రాసినవాళ్ళు. వీళ్ళు పరీక్ష హాల్లోకి అడుగైనా పెట్టలేదు!

"ఈవిడకి ఫుట్‌బాల్ గొడవేవిటి?" అని మీరు నవ్వుకుంటూ వుండొచ్చు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ వూళ్ళో పాతికేళ్ళుగా కాపరం చేస్తున్నదాన్ని. ఈ వూళ్ళో వుంటూ ఫుట్‌బాల్ పట్టదనడం, తిరపతిలో కాపరం పెట్టి బోడిగుళ్ళు చూడనన్నట్టే. మావారికి ఇప్పటికీ క్రికెట్టే. పిచ్చి పట్టింది నాకు.

ఇది మన వూళ్ళో కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు లెండి. కోడిగుడ్డులా కోలగా వున్న బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తడం, అడ్డొచ్చినవాణ్ణి పడదొయ్యడం, స్థూలంగా అదీ ఆట. జీతాలకి ఆడే పెద్ద జట్లు వేరే వున్నాయి. అయినా కొలంబస్ లాంటి వూళ్ళల్లో జనానికి ప్రాణం కాలేజీ ఆటే. మా ఒహాయో స్టేట్ మైదానంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయం మైదానంలో అయితే 1,07,601 మందికి చోటుంది. ఆటలు ఆగస్టు చివర మొదలై జనవరిలో ముగుస్తాయి. మిగతా ఏడు నెలలూ మైదానాలు ఖాళీగా వుంటాయి. నోళ్ళు మాత్రం ఖాళీగా వుండవు.

ఈ ఏడు నెలల కబుర్లూ మూడే మూడు. ఎవరికి ఏ ర్యాంకు వస్తుంది? ఏ హైస్కూలు కుర్రాణ్ణి ఏ కాలేజీ ఎగరేసుకుపోతుంది? ఈసారి పక్క రాష్ట్రంవాళ్ళని ఓడిస్తామా లేదా? ఈ మూడింట్లో మొదటి రెండూ పొట్టు, మూడోది గింజ అని నా వాదన. ఇప్పుడు జరుగుతున్నదేవిటంటే పొట్టుని కొట్లో పోసుకుని గింజని పెరట్లోకి విసిరేస్తున్నారు.

ముందు ర్యాంకుల సంగతి చూడండి. అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ 1936లో ఈ వోటింగు మొదలెట్టింది. జరిగిన ఆటలు చూసి, విలేకర్లు వారం వారం వోట్లేసి జట్లని వరసలో పెట్టేవారు. అందులో నాకేం తప్పు కనిపించదు. 1950 నుంచి మాత్రం ఆటలు మొదలు కాకుండానే వోట్లెయ్యడం అలవాటు చేసుకున్నారు. అప్పట్నించీ ఇదో తద్దినంలా ఏటా జరుగుతోంది.

ఆ జోస్యాల ఫలితాలు ఎల్లా వున్నాయో వినండి. 2012లో సదరన్ కాలిఫోర్నియా జట్టుకి ఆగస్టులో మొదటి స్థానం ఇచ్చారు. వాళ్ళు ఏడు గెలిచి, ఆరు వోడి, చివరి పట్టికలో ఎక్కడా లేకుండా పోయారు. 2024లో ఫ్లోరిడా స్టేట్‌కి పదో స్థానం కట్టబెట్టారు. వాళ్ళు గెలిచింది రెండు, వోడింది పది! 2025లో మొదటి స్థానం టెక్సస్‌ది, రెండోది పెన్ స్టేట్‌ది. టెక్సస్ తొలి ఆటలోనే మావాళ్ళ చేతిలో 14-7తో వోడింది. పెన్ స్టేట్ శిక్షకుడికి అక్టోబరు సగం కాకుండానే వుద్వాసన చెప్పారు. ఆ ఆగస్టు పట్టికలో ఇరవయ్యో స్థానంలో, ఏదో పేరంటానికి ఆఖర్న పిలిచిన చుట్టంలా, ఇండియానా వుంది. తరతరాలుగా వోటములు మూటగట్టుకోవడంలో పేరుమోసిన జట్టు అది. అదే ఒక్క ఆటా వోడకుండా 2026 జనవరిలో దేశానికి విజేత అయి కూర్చుంది!

"పోనిద్దురూ, అదో సరదా. కాలక్షేపానికి వేసుకునే లెక్కలకి ఇంత కోపమెందుకు?" అంటారు కొందరు. సరదా అయితే నేనూ వూరుకుందును. కానీ ఈ సరదాకి బలైపోయినవాళ్ళున్నారు.

2004 సంగతి చెబుతాను. అప్పట్లో కంప్యూటర్ల లెక్కలూ, మనుషుల వోట్లూ కలిపి పైన తేలిన రెండు జట్లకే విజేత ఎవరో తేల్చే చివరి ఆట ఆడే అవకాశం. ఆగస్టు పట్టికలో సదరన్ కాలిఫోర్నియా మొదటిది, ఓక్లహోమా రెండోది. ఆబర్న్ పదిహేడోది. ముగ్గురూ ఒక్క ఆట కూడా వోడలేదు. మొదట్నించీ పైన కూర్చున్న ఇద్దరూ దిగలేదు, కిందనించి వచ్చినవాడికి ఎక్కడానికి మెట్టు లేదు. పైనున్న జట్టు గెలిస్తే ఎవరూ దించరు కదా మరి! ఆబర్న్ కుర్రాళ్ళు పదమూడు ఆటలాడి పదమూడూ గెలిచి కూడా విజేతలమని అనిపించుకోలేకపోయారు. చివరి ఆటలో ఓక్లహోమా 55-19తో చిత్తుగా వోడింది. ఆబర్న్ చేసిన తప్పేవిటంటే, ఆగస్టులో పదిహేడోవాడుగా పుట్టడం. ఇదా సరదా?

ఆ పద్ధతి పోయింది. 2014 నుంచి ఒక కమిటీ జట్లని ఎంపిక చేస్తోంది. మొదట నాలుగు జట్లు, 2024 నుంచి పన్నెండు. ఆ కమిటీవాళ్ళు తమ తొలి పట్టికని ఆటలు మొదలై రెండు నెలలు గడిచేదాకా బయటపెట్టరు. తీర్పు చెప్పాల్సిన వాళ్ళే అంతకాలం నోరు మూసుకుని చూస్తుంటే, చూసి రాయాల్సినవాళ్ళకి ఆగస్టులోనే అంత ఆత్రం దేనికి?

ఇంక రెండో గొడవ, కుర్రాళ్ళ వేట. ఇది వింటే తల్లులైన మీకు నాకన్నా ఎక్కువ కోపం రావాలి.

హైస్కూల్లో చదివే పదహారేళ్ళ పిల్లలకి నక్షత్రాలు వేస్తారు. జాతకంలో నక్షత్రం కాదండోయ్, హోటళ్ళకి వేసినట్టు, ఒకటి నుంచి అయిదు దాకా! వేసేది కాలేజీలు కావు, ఈ సమాచారం చందాలకి అమ్ముకునే కంపెనీలు. కుర్రాడి ఎత్తు, బరువు, చేతుల పొడుగు, నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెత్తాడు, అన్నీ కొలుస్తారు. ఆ తర్వాత అచ్చం పెళ్ళిచూపులే. పెద్ద పెద్ద శిక్షకులు వాళ్ళింటికొచ్చి, సోఫాలో కూచుని, తల్లి పెట్టింది తిని, "మీవాడు మా కాలేజీకొస్తే కన్నకొడుకులా చూసుకుంటాం" అంటారు. చివరికో రోజు కుర్రాడు బల్లమీద నాలుగు కాలేజీల టోపీలు పెట్టుకుని, కెమెరాల ముందు ఒకటి తీసి తలకి పెట్టుకుంటాడు. మిగతా మూడు టోపీలవాళ్ళూ ఆ రాత్రి వాడికి శాపనార్థాలు పెడతారు. గడ్డాలూ మీసాలూ వచ్చిన పెద్దమనుషులు పదిహేడేళ్ళ పసివాణ్ణి తిట్టడం చూస్తే ఒళ్ళు మండిపోతుంది నాకు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. అయిదు నక్షత్రాల కుర్రాళ్ళల్లో పైకొచ్చేవాళ్ళ పాలు, రెండు నక్షత్రాల వాళ్ళల్లో కన్నా ఎక్కువే. మందని మొత్తంగా తూచడానికి ఆ తక్కెడ పనికొస్తుందేమో. కానీ కన్నతల్లికి మంద వుండదు, ఒక్క పిల్లాడే వుంటాడు. కాలిఫోర్నియాలో పొలాల మధ్య పెరిగిన జోష్ ఆలెన్‌ని, హైస్కూలు ముగిసేనాటికి ఏ పెద్ద కాలేజీ పిలవలేదు. చిన్న కాలేజీలో చేరి, కనిపించిన శిక్షకుడికల్లా వుత్తరాలు రాసుకుని, చివరికి వయోమింగ్‌లో చోటు సంపాదించుకున్నాడు. ఇవాళ పెద్ద లీగులో మేటి ఆటగాడు. 2024 సీజన్‌కి అత్యుత్తమ ఆటగాడన్న బిరుదు కూడా అందుకున్నాడు. జె.జె. వాట్‌కి వేసినవి రెండే నక్షత్రాలు. మధ్యలో పిజ్జాలు మోసి, విస్కాన్సిన్‌లో స్కాలర్‌షిప్ లేకుండా చేరి, తర్వాత పెద్ద లీగులో మేటి డిఫెన్సు ఆటగాడుగా మూడుసార్లు బహుమతి పొందాడు. వీళ్ళిద్దరూ మొండివాళ్ళు కనక నిలబడ్డారు. "నీకు రెండే" అన్న మాట విని, బూట్లు అటకెక్కించేసిన పిల్లల లెక్క ఏ పట్టికలో వుంటుంది?

కుర్రాళ్ళకి డబ్బివ్వడం తప్పని నేననను. లక్షమంది టిక్కెట్టు కొని చూస్తున్నప్పుడు చెమటోడ్చినవాడికి కూలి దక్కాల్సిందే. 2021 జులై నుంచి తమ పేరుతో సంపాదించుకునే హక్కు వాళ్ళకొచ్చింది. 2025లో కోర్టు రాజీ తర్వాత, ఒక్కో కాలేజీ తన ఆటగాళ్ళందరికీ కలిపి ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైచిలుకు పంచొచ్చు. సంతోషం. నా ఏడుపల్లా, ఒక్కరోజు కాలేజీ ఆట ఆడనివాడికి నక్షత్రాలు లెక్కపెట్టి రేటు కట్టడం గురించే. కట్నం బేరాలు చూసి వచ్చినదాన్ని, నాకు ఆ వాసన వెంటనే తెలుస్తుంది.

మూడో కబురు, అంటే గింజ, పక్కవాళ్ళతో పోటీ.

మాకూ మిషిగన్‌కీ పడదు. ఇది ఫుట్‌బాల్‌తో పుట్టిన తగాదా కూడా కాదు. 1835లో టొలీడో వూరు ఎవరిదని రెండు ప్రాంతాలవాళ్ళూ సేనలు కూడగట్టుకుని సరిహద్దులో కత్తులు నూరుకున్నారు. చివరికి వూరు ఒహాయోకి దక్కింది, మిషిగన్‌కి ఉత్తరాన అడవులూ గనులూ దక్కాయి. 1897లో మొదటిసారి ఆటలో తలపడ్డారు. ఇప్పటికీ ఆ ఆట జరిగే వారం, ఒహాయో స్టేట్ ఆవరణలో బోర్డులమీద 'ఎమ్' అక్షరం కనిపిస్తే చాలు, ఎర్రటి అడ్డగీతలు అంటించేస్తారు!

2024 నవంబరు 30న ఏం జరిగిందో చూడండి. మావాళ్ళది రెండో ర్యాంకు. మిషిగన్ అప్పటికే అయిదు ఆటలు వోడి, పట్టికలో లేనే లేదు. ఆట మా వూళ్ళోనే. మావాళ్ళు 13-10తో వోడిపోయారు! ర్యాంకులూ, నక్షత్రాలూ, డబ్బూ అన్నీ మావైపే వున్నాయి. ఆట మాత్రం వాళ్ళవైపు వెళ్ళింది. తర్వాత మావాళ్ళు నాలుగు ఆటలు వరసగా గెలిచి, 2025 జనవరి 20న నోటర్‌డామ్‌ని 34-23తో వోడించి దేశానికే విజేతలయ్యారు. నేను మర్నాడు పక్కింటి మిషిగన్ ఆవిడకి స్వీట్లు పట్టుకెళ్ళాను. ఆవిడ తీసుకుని, అభినందనలు చెప్పి, "అవునూ, నవంబరులో స్కోరెంతా?" అంది. దేశాన్ని గెలిచిన నోట్లో మాట పడిపోయింది. 2025 నవంబరులో మావాళ్ళు 27-9తో గెలిచారు లెండి. మళ్ళీ స్వీట్లు పట్టుకెళ్ళి, స్కోరు నేనే అడిగాను!

ర్యాంకు ఏడాదికోసారి మారుతుంది. పక్కిల్లు మారదు. ఆటకి రుచి అక్కడుంది.

ఇప్పుడు దానికే ముప్పొచ్చింది. టీవీవాళ్ళ డబ్బుకోసం కాలేజీలు ఒక లీగు వదిలి ఇంకో లీగుకి పరిగెడుతున్నాయి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ ఒకే రాష్ట్రంలో అన్నదమ్ముల్లాంటివి. 1904లో మొదలైన వాళ్ళ పోటీ 2023తో ఆగిపోయింది. పెద్దన్న డబ్బున్న లీగుకి వెళ్ళిపోయాడు మరి! టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎమ్ ఇల్లాగే విడిపోయి పన్నెండు సీజన్లు మొహమొహాలు చూసుకోలేదు. 2024లో మళ్ళీ ఒక లీగులో పడ్డాకే కలిశాయి. పసిఫిక్ తీరంలో పన్నెండు కాలేజీల లీగు నుంచి 2024లో పది వెళ్ళిపోయాయి. వాటిల్లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ వెళ్ళి చేరింది ఎందులోననుకున్నారు? అట్లాంటిక్ తీరం లీగులో! సముద్రాలు కూడా చోటు మార్చుకున్నాయి కాబోలు. మా లీగు పేరు 'బిగ్ టెన్'. అందులో వున్నవి పద్దెనిమిది. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టడం రానివాళ్ళు మాకు ర్యాంకులిస్తున్నారు!

ఇవన్నీ వేరువేరు జబ్బులు కావు. మనిషికీ, జట్టుకీ, కాలేజీకీ ముందుగా ఒక అంకె అంటించి, ఆ అంకెని బట్టి ధర కట్టడమనే ఒకే జబ్బు. ఎక్కువ ధర పలికేవాడు తక్కువ పలికే పొరుగువాణ్ణి వదిలేసి పోతాడు. పోయాక, నూట పాతికేళ్ళ చరిత్ర వున్న ఆట పోయి, ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆట వస్తుంది. అది టీవీలో బాగానే వుంటుంది. ఇంట్లోనే ఎవరికీ ఏడుపు రాదు.

నేనడిగేవి మూడే. అక్టోబరు ముగిసేదాకా ఎవరూ ర్యాంకుల పట్టిక వెయ్యకూడదు. హైస్కూలు దాటేదాకా ఏ పిల్లాడికీ నక్షత్రాలు వెయ్యకూడదు. ఏ లీగులో వున్నా సరే, పొరుగు కాలేజీతో ఏడాదికో ఆట ఆడి తీరాలి. ఇందులో ఒక్కటీ నెరవేరదని మావారు నవ్వుతున్నారు. క్రికెట్లోనూ ర్యాంకులున్నాయని మర్చిపోయి!

ఆగస్టులో పట్టిక మామూలుగానే వస్తుంది. మావాళ్ళకి మొదటి స్థానం ఇచ్చినా సరే, ఆ పేపరు తీసుకెళ్ళి వడియాల కింద పరుస్తాను. నవంబరు ఆఖరి శనివారం మాత్రం, దయచేసి నాకెవరూ ఫోను చెయ్యకండి.