క్షమాపణల జాబితాలో మేము ఎక్కడ? పర్యూషణ్, కబేళా, అక్లూజ్ గుడి

ఏటా భాద్రపదం వచ్చేసరికి మా ఫోన్లకూ ఆ సందేశం వస్తుంది: ‘మిచ్ఛామి దుక్కడం’. ఒకప్పుడు పని చేసిన కొట్టు యజమాని పంపుతాడు, కలిసి చదువుకున్న మిత్రురాలు పంపుతుంది. ప్రాకృత మాట అది. నేను చేసిన తప్పు ఫలించకుండా పోవాలని దాని అర్థం. శ్వేతాంబర జైనులు ఎనిమిది రోజులు, దిగంబరులు పది రోజులు పర్యూషణ్ పాటించి, చివర ఇలా క్షమాపణ అడుగుతారు. కొందరు ఆ రోజులన్నీ కాచిన నీళ్లు తప్ప మరేమీ ముట్టరు. ఆ తపస్సును మేము ఎగతాళి చేయం. తన నోరు తాను కట్టుకునే మనిషితో మాకు పేచీ లేదు.

పక్కవాడి నోరు కూడా కట్టమన్నప్పుడే పేచీ. 2025 ఆగస్టులో ముంబైలో కొన్ని జైన ట్రస్టులు హైకోర్టుకు వెళ్లాయి. పర్యూషణ్ సందర్భంగా కార్పొరేషన్ రెండు రోజులు కబేళా మూయడానికి ఒప్పుకుంది. అది చాలదు, పండుగ రోజులన్నీ మూయాలన్నది వాళ్ల వాదన. కోర్టు మధ్యంతర ఆదేశం ఇవ్వలేదు. కానీ ఈ అడగడానికి వెనక బలమైన ఆధారమే ఉంది. అహ్మదాబాద్ కార్పొరేషన్ పర్యూషణ్‌కు కబేళాలు మూయించడాన్ని గుజరాత్ హైకోర్టు కొట్టేస్తే, 2008 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. తొమ్మిది రోజులే కదా, సహేతుకమైన ఆంక్షే అంది. జంతువధ ఆపిన అక్బర్‌ను కూడా ఉదాహరణగా తెచ్చింది. హైదరాబాద్‌లో ఈ గొడవ ఇంత లేదు గానీ, మహావీర్ జయంతికి కబేళాలు మూయమని జీహెచ్‌ఎంసీ ఉత్తర్వు ఇవ్వడం మనకు తెలిసిందే.

తొమ్మిది రోజులే కదా అన్నప్పుడు ఆ తొమ్మిది రోజులు ఎవరివో చూడాలి. కబేళాలో నెల జీతగాడికి అది సెలవు. కోసే ఖురేషీకి, మూటలు మోసే కూలీకి, తోళ్లు ఎత్తే, రక్తం కడిగే దళితుడికి ఆ రోజు కూలి లేదు. అంటే ఉపవాసం ఉంటానని ఏ మొక్కూ మొక్కని ఇంట్లో పొయ్యి వెలగదు. దీన్ని కూడా సంయమనమే అంటున్నారు! మరి ఆ ఇంటికి ఎవరైనా ‘మిచ్ఛామి దుక్కడం’ పంపారా? మేము చూసినంతలో ఆ సందేశం ఎరిగిన వాళ్ల మధ్యే, సరిసమానుల మధ్యే తిరుగుతుంది. కొట్టు యజమాని మాకు పంపుతున్నాడంటే మా నంబరు ఆయన దగ్గర ఉంది కాబట్టి.

తపస్సు మా మీద ఆయుధం కావడం ఇదే మొదటిసారి కాదు. 1947లో బొంబాయి రాష్ట్రం హరిజన ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది. అది జైన ఆలయాలకు వర్తించకూడదని దిగంబర ఆచార్యుడు శాంతిసాగర్ 1948లో ధాన్యం మానేశాడు. సుమారు మూడేళ్లు ముట్టలేదు. షోలాపూర్ జిల్లా అక్లూజ్‌లోని జైన ఆలయంలో దళితుల ప్రవేశం గురించిన వివాదం హైకోర్టుకెక్కింది. 1951లో తీర్పు వచ్చింది. జైన ఆలయంలో హిందువులకే హక్కు లేనప్పుడు, ఈ చట్టం పేరు చెప్పి హరిజనులకూ హక్కు రాదని కోర్టు తేల్చింది. ఆచార్యుడు మళ్లీ ధాన్యం తీసుకున్నాడు. జైనమతం హిందూమతం కాదన్నది వాళ్ల వాదన. ఆ మాటకు మేమూ ఒప్పుకుంటాం. కానీ ఆ ప్రత్యేకతను ఎవరిని గడప బయట ఆపడానికి వాడారన్నదే మా ప్రశ్న. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం అప్పటికే అమల్లో ఉంది.

ఇంత జరగడానికి జైన గ్రంథాలే కారణం అనేస్తే సులువుగా తేలిపోతుంది. కానీ అవి రెండు రకాలుగానూ మాట్లాడతాయి. ఉత్తరాధ్యయన సూత్రంలో హరికేశబలుడనే ముని ఉన్నాడు. చండాల కులంలో పుట్టినవాడు. యజ్ఞవాటికకు భిక్షకు వెళ్తే బ్రాహ్మణులు తరిమారు, కొట్టించారు. చివరికి వాళ్లే తప్పొప్పుకొని ఆయన్ను క్షమించమని వేడుకున్నారు. క్షమాపణ పండుగకు ఇంతకంటే తగిన కథ ఏముంది? అయితే పర్యూషణ్‌లో శ్వేతాంబరులు చదివేది కల్పసూత్రం. అందులో మహావీరుడు ముందు బ్రాహ్మణ స్త్రీ దేవానంద గర్భంలో పడతాడు. తీర్థంకరులు నీచ కులాల్లో, దరిద్రుల ఇళ్లలో, బిచ్చగాళ్ల ఇళ్లలో, బ్రాహ్మణ ఇళ్లలో పుట్టరని ఇంద్రుడు ఆ పిండాన్ని క్షత్రియురాలు త్రిశల గర్భానికి మార్పిస్తాడు. ఆ జాబితాలో బ్రాహ్మణులు కూడా ఉండటం మాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది, నిజమే. మిగిలిన పేర్లు చదివితే నవ్వు ఆగిపోతుంది. మహావీరుడి జన్మఘట్టం చదివే రోజున పెద్ద ఉత్సవమే చేస్తారు.

అక్లూజ్ లాంటి తలుపులకు 1955లో సమాధానం వచ్చింది. అంటరానితనం నేరాల చట్టం, ఆలయ ప్రవేశం విషయంలో జైనులను, బౌద్ధులను, సిక్కులను కూడా హిందువుల కిందే లెక్కగట్టింది. ఎవరి క్షమాపణతోనూ పని లేకుండా పార్లమెంటు చేసిన పని అది.

కాబట్టి మేము సందేశాలు అడగడం లేదు. వచ్చే పర్యూషణ్‌కు ఏ నగరంలోనైనా కబేళా మూయమని ఉత్తర్వు ఇస్తే, ఆ రోజుల కూలి ఎంతో, ఎవరు చెల్లిస్తారో అదే ఉత్తర్వులో రాయమంటున్నాం. మూయమని కోర్టు దాకా వెళ్లగలిగిన ట్రస్టులు ఆ ఖర్చు భరిస్తామని ముందుకొస్తే మాకు అభ్యంతరం లేదు.