వినికిడి బేరము

పట్టుచీర కొనునపుడు దానిని వాకిటి వెలుతురులోనికి తెచ్చి చూపుమందుము. దీపము క్రింద కనబడు రంగును నమ్మము. బియ్యము కొనునపుడు నాలుగు గింజలు నోట వేసికొని చూతుము. ఇంత జాగ్రత్త గల మనమే, గిటారు వంటి వాద్యమును మాత్రము ముట్టకుండనే, ఫోనులో దాని ధ్వనిని విని కొనుచున్నాము. ఆ ధ్వని దీపము క్రింది రంగో, వెలుతురులోని రంగో యోచింపము. నేనును యోచింపలేదు. అందువలన కలిగిన చిక్కును సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మా రెండవ అమ్మాయి ఇంటరు పరీక్షలు ముగియగానే గిటారు నేర్చుకొందునని పట్టుపట్టినది. పదునెనిమిది వేల వాద్యమొకటి, పదునాలుగు వేలది యొకటి మాకు నచ్చినవి. రెండింటికిని అమ్మువారు ధ్వని మచ్చులు ఉంచియుండిరి. నేనును అమ్మాయియు మూడు రాత్రులు వంటయింటి అరుగుపై కూర్చుండి వింటిమి. పదునెనిమిది వేలది నిండుగా, గంటకొట్టినట్లు మ్రోగినది. రెండవది కొంచెము పేలవముగా తోచినది. ఇంటి ఖర్చులో మిగిల్చిన సొమ్ము మఱి నాలుగు వేలు పోయినను పోనిమ్మని పెద్దదానినే తెప్పించితిమి.

పెట్టె విప్పి వాయింపగా మేము విన్న నాదము రాలేదు. అమ్మాయి ముఖము చిన్నబోయినది. నేను ఆ దుకాణమువారికి ఫోను చేసి నాలుగు మాటలు గట్టిగానే అంటిని. వారు పది దినములలోపల తిరిగి పంపవచ్చునని మాత్రము శాంతముగా చెప్పిరి.

ఆ పది దినములలో మాకు తెలిసినవి కొన్ని గలవు. మొదటిది, మైకు ఉన్న చోటు. అమ్మాయి తన ఫోనును గిటారు రంధ్రమునకు ఎదురుగా పెట్టి పాడించుకొన్నది. కుండలో నోరుపెట్టి మాటాడినట్లు గుబగుబ మ్రోత వచ్చినది. అదే ఫోనును ఒక మూర దూరమునకు జరిపి, మెడ వచ్చి పెట్టెతో కలియు చోటికి త్రిప్పగా, అమ్మువారి మచ్చుకు చాల దగ్గఱగా వచ్చినది! వాద్యమదే, చేయి అదే. అందుపై వారి తీగలు క్రొత్తవి, గది వేఱు. తరువాత ఆ ధ్వనిని యంత్రములో ఎంత దిద్దిరో మనకు కనబడదు. కావున నా కోపములో సగము నాకే చెల్లును.

రెండవది హెచ్చుతగ్గుల మాట. దీనిని కొంచెము వివరముగా చెప్పవలెను, ఏలయన మేము నాలుగు వేలు ఇక్కడనే పోగొట్టుకొనబోయితిమి. మన చెవి అన్ని స్వరములను సమముగా వినదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ఫ్లెచర్, మన్సన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి ప్రకటించిరి. ధ్వని మెల్లగా నున్నపుడు మంద్రస్వరములును, మిక్కిలి తారస్వరములును చెవికి సన్నగిల్లును. ధ్వని పెంచినకొలది అవి మధ్యస్వరములతో సమానముగా నిండుకొని వచ్చును. అందుచేత ఒక మచ్చు రెండవదానికంటె ఏ ఒకటి రెండు డెసిబెల్లులో హెచ్చుగా నున్నచో మనము "ఇది బిగ్గఱగా నున్నది" అనుకొనము. "ఇది మేలైనది" అనుకొందుము. మా మచ్చులలో జరిగినది అచ్చముగా నిదే. పదునెనిమిది వేలదాని ధ్వనిని తగ్గించి రెండవదానితో సరిచేసి విన్న పిమ్మట, ఏది ఏదో తల్లీకూతుండ్రము ఇరువురమును చెప్పలేకపోతిమి.

ఫోను గొట్టము మాట వేఱుగా చెప్పనేల? గిటారు అడుగుతీగ సెకండునకు సుమారు 82 సార్లు కంపించును. అంత మంద్రధ్వనిని ఫోనులోని చిన్న స్పీకరు సరిగా పలికింపలేదు. పైస్వరములను విని మన మనస్సే ఆ లోటును పూరించుకొనును. మంచి హెడ్‌ఫోనులు అరువు తెచ్చుకొనియైనను వినవలెను.

మా అత్తగారు చిన్ననాట వీణ నేర్చినవారు. మా మఱది కుమారుని యొద్ద ఆ పదునాలుగు వేల రకము వాద్యమే యుండుట మా అదృష్టము. రెండు గిటార్లపైనను పిల్లలిద్దఱచేత ఒకే వరుస వాయింపించి, ఒకే చోట ఫోను పెట్టి, ధ్వని సరిచేసి, వారికి కన్నులు మూసి వినిపించితిమి. ఆమె నాలుగును విని, "ఏది అమ్మాయి చేయి, ఏది అబ్బాయి చేయి అని యడుగుము, చెప్పెదను. ఏ పెట్టె అని యడుగకుము" అనిరి. చేతుల మాట తప్పుపోకుండ చెప్పిరి కూడ.

ఇది ముసలివారి చమత్కారము మాత్రమే కాదు. ఇంగ్లండులోని లాంకాస్టరు విశ్వవిద్యాలయపు పరిశోధకులు సహచరులతో కలిసి 2018లో ఒక పరీక్షను ప్రకటించిరి. ముందుపలక ఒకే జాతి కొయ్యతోను, వెనుక ప్రక్కల పలకలు మాత్రము ఆఱు జాతుల కొయ్యలతోను ఆఱు గిటార్లు చేయించి, 52 మంది వాదకులకు మసక గదిలో, కన్నులకు వెల్డింగు అద్దములు తగిలించి ఇచ్చిరి. మన దక్షిణదేశపు ఇరుగుడును, 1992 నుండి అంతర్జాతీయ వాణిజ్యము నిషేధింపబడి మిక్కిలి ప్రియమైన బ్రెజిలు ఇరుగుడును అందులో నుండెను. వాదకులు ఆఱింటికిని ఇంచుమించు సమానముగానే గుణమెంచిరి. ముందుపలక మాట వేఱు; దానిని ఈ పరీక్ష తేల్చలేదు. వెనుక కొయ్య పేరు చెప్పి వేలకు వేలు అడుగువారితో మాత్రము మనము తొందరపడనక్కఱలేదు.

ఇక ఏ మచ్చును చెప్పజాలని సంగతి యొకటి మిగిలినది. మాకు వచ్చిన వాద్యమున తీగలకును మెట్లకును నడుమ ఎడము హెచ్చు. అరగంట వాయించునప్పటికి పిల్ల వ్రేళ్ల కొనలు కంది, మఱునాడు పూలు కట్టుటకైన రాలేదు. మెట్ల అంచులు కూడ అరచేతికి గీరుకొనుచుండెను. నేర్చుకొనువారు మొదటి నెలలోనే మానివేయుటకు ఇది చాలును. ఇట్టిది చెవితో తెలియదు, చేతితోనే తెలియవలెను.

తొమ్మిదవ దినమున వాద్యమును తిరిగి పంపితిమి. రవాణా కూలి కోసికొని మిగిలిన సొమ్మిచ్చిరి. తరువాత ఊరిలోని దుకాణమునకు అమ్మాయిని తీసికొనిపోయి పదునాలుగు వేల రకమునే మూడింటిని చేతబట్టి చూడుమంటిని. ఒకే పేరు, ఒకే వెల గల ఆ మూడును మూడు విధములుగా నుండెను! నడిమిదానిని తెచ్చుకొన్నది. నాలుగు వేలు మిగిలినవిగదా, వానిని గురువుగారి జీతమునకు ఇమ్మని యడిగినది. మూడు నెలలకు సరేనంటిని.