భూములు అమ్ముకుంటూ ఇళ్ల హామీలా?

2023 జూన్ 22న సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లను అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. 145 ఎకరాల్లో దాదాపు 1,490 కోట్ల రూపాయలతో కట్టిన కాలనీ అది. సరిగ్గా ఆరు వారాలకు, అదే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కోకాపేటలో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ భూములకు వేలంపాట పెట్టింది. ఒక ప్లాటు ఎకరా 100.75 కోట్లు పలికింది. నలభై అయిదు ఎకరాలకు వచ్చిన సొమ్ము 3,300 కోట్ల పైమాటే. దాంతో కొల్లూరు లాంటి కాలనీలు రెండు కట్టొచ్చు.

సామాన్యుడికి ఇల్లు అందకుండా పోవడంలో మొదటి ముద్దాయి ప్రభుత్వమే. బిల్డర్లు, దళారులు ఆ తర్వాతే. సర్కారు పాటలో పలికిన ధరే మర్నాటి నుంచి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కొలమానమవుతుంది. గజం రేటు చెప్పేవాడి గొంతు రాత్రికి రాత్రే మారిపోతుంది. జీఎస్టీ లెక్కలో 45 లక్షలు దాటని ఇల్లే అందుబాటు ఇల్లు. దానికి పన్ను 1 శాతం. ఎకరా వంద కోట్లకు కొన్నవాడు ఆ ధరకు ఫ్లాట్ అమ్మగలడా? ఊరికి దూరంగా ఎక్కడో అలాంటిది దొరికినా, తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం కట్టాలి. అంటే 45 లక్షల ఇంటికి మూడు లక్షల ముప్పై ఏడు వేల అయిదు వందలు. 2021 జూలై దాకా ఇది 6 శాతమే.

ప్రభుత్వం మారింది, పాట మాత్రం ఆగలేదు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో ఎకరా 177 కోట్లకు పోయింది.

కొల్లూరు ఇళ్లకు లబ్ధిదారులను నగరంలోని బస్తీల నుంచి డ్రా తీశారు. మలక్‌పేటలో ఒంటిగది కిరాయికి ఉండి, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లి సంగతి చూడండి. తాళంచెవి అందుకున్న రోజు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని ఉంటుంది. మర్నాటి నుంచి చీకటితోనే లేచి, పిల్లలకు డబ్బా కట్టి, బస్సులు మారాలి. మహాలక్ష్మి పథకంతో ఆమెకు టికెట్ ఖర్చు లేదు, నిజమే. కానీ ఆరున్నరకల్లా గిన్నెలు తోమిపోవాలనే ఇల్లు, ఎనిమిదింటికి చేరే మనిషిని పనిలో ఉంచుకోదు. కొత్త ఇంటికి తాళం వేసి పాత కిరాయి గదికి తిరిగి వెళ్లక ఆమె ఏం చేస్తుంది? ఆ తాళం చూసి ఆమెను అనర్హురాలిగా లెక్కగట్టడం అన్యాయం.

దీనికి భిన్నంగా, సికింద్రాబాద్ భోయిగూడలోని ఐడీహెచ్ కాలనీని 2015లో ఇదే డబుల్ బెడ్‌రూం పథకం కింద కట్టారు. పాత ఇళ్లు కూల్చి, అక్కడే 396 కొత్త ఇళ్లు లేపి, ఆ కుటుంబాలకే ఇచ్చారు. పనులు పోలేదు, బడులు మారలేదు. చేయడం చేతకాక కాదు, నగరం లోపలి జాగాను పేదలకు వదలడానికి మనసొప్పక తక్కినవాళ్లను అంచులకు తరిమారు.

ఆంధ్రప్రదేశ్‌దీ ఇదే కథ. 2020 డిసెంబరు నుంచి ముప్పై లక్షలకు పైగా ఇళ్ల పట్టాలిచ్చామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. పట్టణ పేదకు దక్కింది ఒక సెంటు, అంటే 48.4 గజాలు, కట్టుకోవడానికి లక్షా ఎనభై వేలు. పట్టణ పేదల కోసం ప్రభుత్వం కట్టిన టిడ్కో ఇళ్లు గోడలు లేచి కూడా నీళ్లు, కరెంటు కోసం ఏళ్లు ఎదురుచూశాయి. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంటోంది. ఆ రెండు సెంట్లు ఊళ్లో ఉంటాయా, పొలిమేర అవతలా? ఆ మాట ముందు తేల్చాలి.

తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు ఇస్తున్న అయిదు లక్షలు మంచి సాయమే. అయితే తొలి విడతలో అది సొంత జాగా ఉన్నవారికి. నగరంలో కిరాయికుండే కుటుంబానికి జాగా ఎక్కడిది? నగరం లోపల ప్రభుత్వమే ఇళ్లు కట్టడం కొత్తేమీ కాదు. మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాద్ నడిబొడ్డునే సామాన్యులకు ఇళ్లు కట్టింది. నూరేళ్ల కిందట చేయగలిగిన పని ఇప్పుడెందుకు చేతకాదు?

ప్రభుత్వం అమ్మే ప్రతి ఎకరాలో అయిదో వంతు అమ్మకుండా తన పేరిటే ఉంచుకోవాలి. వేలం సొమ్ముతో అక్కడే ఇళ్లు కట్టి, కూలి చేసుకునేవారు భరించగల కిరాయికి ఇవ్వాలి. వచ్చే వేలం నోటిఫికేషన్‌లోనే ఈ షరతు అచ్చు కావాలి. లేదంటే ఆ వేలాన్ని రద్దు చేయాలి.